ఏడుకొండల క్రింద సైకిలు ప్రయాణం

తిరుపతికి వచ్చే యాత్రికునికి కొండ అంటే ఎక్కవలసినది. రైలు దిగగానే మెడ పైకెత్తి చూస్తాడు. దర్శనం ఎన్ని గంటలకో లెక్క వేసుకుంటాడు. బస్సెక్కుతాడు, లేదా అలిపిరిలో తొలిమెట్టుకు మొక్కి నడక సాగిస్తాడు. దిగివచ్చి మళ్ళీ రైలెక్కుతాడు. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు; ఆయన వచ్చిన పని అదే.

కాని ఊళ్ళో కాపురముంటున్న మన సంగతి? కొండ పాదాన నేల ఎట్లా వున్నది, అక్కడి రాళ్ళు ఏ రకానివి, పైన కురిసిన వాన ఏ దారిని దిగి ఎటు పోతున్నది అని మన పిల్లలు అడిగితే, మనలో చాలామందిమి చెప్పగలిగేది బస్సు కిటికీలోంచి కనిపించినంత మేరకే. కొండను ఎక్కడం వేరు, చుట్టి చూడడం వేరు. చుట్టి చూడడానికి బస్సు మరీ వేగం, నడక మరీ నిదానం. ఈ రెండింటికీ నడుమ, ఇంటి వసారాలో దుమ్ముపట్టి నిలబడివున్న సైకిలు వున్నది.

అందుకు తగిన దారి కూడా వున్నది. కపిలతీర్థం దగ్గర బయలుదేరి అలిపిరి, జంతుప్రదర్శనశాల, చెర్లోపల్లి మీదుగా శ్రీనివాస మంగాపురం చేరవచ్చు. అక్కడినుంచి శ్రీవారి మెట్టు దాకా పోయివచ్చి చంద్రగిరికి మళ్ళవచ్చు. చంద్రగిరి నుంచి తొండవాడ, పేరూరు మీదుగా తిరిగి తిరుపతి. మొత్తం సుమారు నలభై కిలోమీటర్లు. పోయిన దారిన తిరిగి రావలసిన పని లేదు. వియ్యంకుడి ఇంటికి ఒక వాకిట వెళ్ళి మరో వాకిట వచ్చినట్టు, కొండను కుడిచేతి పక్కన చూస్తూ వెళ్ళి ఎడమచేతి పక్కన చూస్తూ వస్తాము.

కొండసైకిలు కథ

కొండదారుల్లో సైకిలు తొక్కడం ఇప్పుడు లోకమంతటా పెద్ద వేడుక అయింది. దాని పుట్టుక మాత్రం చమత్కారమైనది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ జిల్లాలో టమల్‌పాయిస్ అనే కొండ వున్నది. 1970 తర్వాతి సంవత్సరాలలో అక్కడి కుర్రాళ్ళు కొందరు పాత ఇనుప సైకిళ్ళు సంపాదించి మట్టిదారిలో పైనుంచి క్రిందికి పందెం వేసుకునేవారు. ఆ సైకిళ్ళ బ్రేకు వెనుకచక్రం ఇరుసులో వుండేది. ఒక్కసారి దిగేసరికి అది కాగిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. మరో పందేనికి మళ్ళీ గ్రీజు దట్టించవలసిందే! 1976లో మొదలైన ఆ పందేనికి అందుకే ‘రీప్యాక్’ అని పేరు వచ్చింది. ఆ కుర్రాళ్ళలో జో బ్రీజ్, గారీ ఫిషర్ వంటివారు తరువాత కొండల కోసమే సైకిళ్ళు తయారుచేశారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1996 అట్లాంటా ఒలింపిక్సులో కొండసైకిలు పందేనికి పతకాలు కూడా ఏర్పడినవి.

పందెం మాట అటుంచండి. స్పెయిను, ఇటలీ, గ్రీసు వంటి మధ్యధరా తీరపు దేశాలలో ఊరి కూడలిలో బయలుదేరి, చుట్టుపక్కల గుట్టలు తిరిగి, మళ్ళీ అదే కూడలికి చేరే సైకిలు దారులు వుంటాయి. వాటిని సులువు, మధ్యరకం, కష్టం అని విభజిస్తారు. ఆ నేలకూ మన నేలకూ ఒక చుట్టరికం లేకపోలేదు. అక్కడా పొదల అడవి, రాతిగుట్టలు, ఎండాకాలమంతా ఎండిపోయే వాగులు. అక్కడ వాన చలికాలంలో పడుతుంది. మనకు కూడా ఈశాన్య ఋతుపవనం అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చి చెరువులు నింపి పోతుంది. వారికి ఆలివుతోటలైతే మనకు మామిడితోటలు. ఆ లెక్కన మన చుట్టు మధ్యరకం క్రిందికి వస్తుంది. వస్తాదు కానక్కరలేదు, అట్లాగని సైకిలు మరచిపోయి పదేళ్ళయినవారు మొదటిరోజే బయలుదేరవలసిన దారీ కాదు.

పళ్ళచక్రాల లెక్క

“కొండపక్క ఎత్తుంటుంది కదా, మా మోకాళ్ళు సహకరించవద్దా?” అంటారు నలభై దాటినవారు. న్యాయమైన ప్రశ్నే. పూర్వం మనం ఎరిగిన నల్లసైకిలుకు ముందు పళ్ళచక్రం 44 పళ్ళది, వెనుకది 18 పళ్ళది అనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుకచక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి బండి పదిహేడు అడుగుల పైచిలుకు ముందుకు పోతుంది. చదునునేల మీద రాజసంగా వుంటుంది. ఎత్తు తగలగానే సీటు వదలి లేచి నిలబడాలి. కొండసైకిలులో ముందు 22, వెనుక 34 పళ్ళు కలిపే వీలున్నదనుకోండి. పెడలు ఒక చుట్టుకు చక్రం ముప్పాతిక చుట్టు కూడా తిరగదు. బండి నాలుగున్నర అడుగులు మాత్రం కదులుతుంది. కాలు ఎక్కువసార్లు తిప్పాలి గాని, ఒక్కొక్కసారి వేయవలసిన బలం తగ్గిపోతుంది.

గృహస్థుల భాషలో చెప్పాలంటే, మొత్తం అప్పు అదే, వాయిదాలు చిన్నవి. ఎత్తు ఎక్కడానికి కావలసిన శ్రమను ఏ గేరూ మాఫీ చేయదు. తీర్చే పద్ధతి మాత్రం మోకాలికి అనుకూలం చేస్తుంది.

గేరున్న సైకిలుకు, గేరు లేని సైకిలుకు కూడా కారుకు లేని గుణం ఒకటి వున్నది. కంటికి కనబడని ఎత్తును అది కాలికి చెబుతుంది. చూడడానికి బల్లపరుపుగా వున్న రోడ్డు మీద హఠాత్తుగా తొడలు బరువెక్కుతాయి: ఎక్కుతున్నామన్నమాట. కాసేపటికి పెడలు తొక్కకుండానే చక్రం ఉరుకుతుంది: దిగుతున్నామన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి. నలభై కిలోమీటర్ల చుట్టులో మనం నేర్చుకోబోయే పాఠం అదే.

రెండు రకాల రాళ్ళు

తెల్లవారి వెలుగు బాగా వచ్చాక బయలుదేరుదాం. కపిలతీర్థం దగ్గర, వానాకాలమైతే, గుడి వెనుక కొండమీదినుంచి నీరు దూకుతూ కనిపిస్తుంది. అలిపిరి దాటి పడమరకు తిరగగానే ఊరి సందడి వెనుకబడుతుంది. కుడిపక్కన శేషాచలం గోడ కట్టినట్టు మనతోపాటే వస్తుంది. 1987లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాల ఈ దారిలోనే వున్నది.

ఇక్కడ సైకిలు ఆపి కొండను నిదానంగా చూడండి. క్రింది భాగంలో ఏటవాలుగా, గుండ్రటి బండలతో, పొదలతో నిండిన నేల. పైన మాత్రం కత్తితో కోసినట్టు నిటారుగా ఎర్రని రాతిపొరలు, గ్రంథాలయంలో పుస్తకాలు పరచి పేర్చినట్టు. ఇవి రెండూ ఒకే రాయి కాదు. క్రిందిది అత్యంత పురాతనమైన గ్రానైటు శిల. పైది, ఇసుక మేటవేసి యుగయుగాలుగా గట్టిపడి ఏర్పడిన రాయి; దానిని నగరి క్వార్ట్జైటు అంటారు. ఈ రెండింటి నడుమ వున్న గీత దగ్గర సుమారు 80 కోట్ల సంవత్సరాల చరిత్ర లేదు! అంత కాలం పాతశిల వానకూ గాలికీ అరిగిపోతూ వుండి, తరువాత దానిమీద కొత్త ఇసుక పడిందన్నమాట. తిరుమల కనుమదారిలో ఈ రెండు శిలలు కలిసేచోటును భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకంగా గుర్తించింది. బస్సులో గోవిందనామం చెప్పుకుంటూ ఆ గీతను దాటిపోయే మనం ఎన్ని కోట్ల ఏళ్ళు ఒక్క మలుపులో దాటామో ఎరుగము.

రాళ్ళ సంగతి సైకిలు యాత్రలో ఎందుకని అనుకోవద్దు. పైనున్న పొరలరాతిలో పగుళ్ళు జాస్తి. కొండమీద కురిసిన వానలో కొంత ఆ పగుళ్ళలో ఇంకి, ఊటలుగా బయటపడుతుంది. మనవాళ్ళు తీర్థాలని పేరుపెట్టి మునకలు వేసే కొండనీళ్ళకు ఇదొక ఆధారం. ఇంకగా మిగిలినది వాగులై ఈ ఏటవాలు మీదుగానే దిగుతుంది. రోడ్డు పొడుగునా చిన్నచిన్న కల్వర్టులు దాటుతాము. ఎండాకాలంలో వాటిక్రింద గులకరాళ్ళే వుంటాయి. అవి ఊరికే కట్టినవి కావు. ఒక్కొక్కటి ఒక నీటిదారికి గుర్తు.

మంగాపురం, మెట్టుదారి

చెర్లోపల్లి దాటినాక ఊపిరి పట్టి తొక్కవలసిన చోట్లు వస్తాయి. మామిడితోటల నీడ, శెనక్కాయ చేలు, అక్కడక్కడ సీతాఫలం చెట్లు. శ్రీనివాస మంగాపురంలో కల్యాణ వేంకటేశ్వరస్వామి గుడి కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో వున్న కట్టడం. పద్మావతిని పెండ్లాడిన శ్రీనివాసుడు కొండ ఎక్కేముందు ఆరు నెలలు ఈ ప్రాంతంలోనే, అగస్త్యుని ఆశ్రమంలో వున్నాడని స్థలపురాణం. శిథిలమైన గుడిని 1540లో తాళ్ళపాక అన్నమాచార్యుని మనుమడు చినతిరుమలాచార్యులు బాగుచేయించినట్టు శాసనం వున్నది. తాతగారు పదాలతో చేసిన సేవను మనుమడు రాళ్ళతో కొనసాగించాడన్నమాట.

ఇక్కడినుంచి కుడిపక్కకు మళ్ళితే కొన్ని కిలోమీటర్లలో శ్రీవారి మెట్టు. చంద్రగిరి నుంచి రాయలవారు కొండకు ఈ దారినే వెళ్ళేవారని ప్రతీతి. మెట్లు 2,388, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఇది పొట్టిదారి, కాని నిటారు. మన చుట్టులో అన్నిటికన్నా ఎక్కువ చెమట పట్టించేది ఈ పక్కదారే. చిన్నగేరు వేసి, మాటలు కట్టిపెట్టి, చక్రానికి ముందు నాలుగు గజాల మేర మాత్రం చూస్తూ తొక్కడం మంచిది. దూరం చూస్తే కాలు భయపడుతుంది.

2021 నవంబరు వానలకు ఈ మెట్లదారి బాగా దెబ్బతిన్నది. పైనుంచి వచ్చిన నీరు బండరాళ్ళను దొర్లించుకువచ్చింది. మరమ్మతులు జరిగి 2022 మేలో దారి మళ్ళీ తెరిచారు. ఆయాసం తీర్చుకుంటూ ఆ మెట్ల మొదట నిలబడి చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. భక్తుడు ఎక్కడానికీ, నీరు దిగడానికీ ఎంచుకున్నది ఒక్క లోయనే.

చంద్రగిరి

తిరుగుదారిలో మంగాపురం నుంచి చంద్రగిరికి మళ్ళగానే రాళ్ళ తీరు మారుతుంది. ఇక్కడ పొరలు లేవు. బ్రహ్మాండమైన గ్రానైటు గుండ్లు ఒకదానిమీద ఒకటి. ఆ బండకొండను ఆనుకొని కోట. పదిహేనవ శతాబ్దంలో సాళువ నరసింహుడు ఇక్కడినుంచి ఏలినవాడే. తరువాత రెండవ వేంకటపతి రాయల కాలంలో (పాలన 1586–1614) విజయనగర రాజధాని పెనుకొండ నుంచి ఇక్కడికి వచ్చింది. 1639లో దామెర్ల నాయకుడు సముద్రతీరాన కొంత నేలను ఆంగ్ల వర్తకులకు ఇచ్చినప్పుడు, ఆయన లోబడివున్నది ఈ చంద్రగిరి ప్రభువులకే. ఆ నేల మీదనే మదరాసు మహానగరం లేచింది. ఇప్పుడు చంద్రగిరి ఒక చిన్న ఊరు. కాలచక్రం కూడా సైకిలు చక్రం వంటిదే!

రాజమహలు మూడంతస్తులది. రాయి, ఇటుక, సున్నంతో కట్టినది. నిర్మాణంలో కలప వాడలేదు. లోపల పురావస్తుశాఖ వారి మ్యూజియం. పక్కనే రాణీమహలు, వెనుక కోనేరు. పిల్లలను వెంట తెచ్చినవారు ఇక్కడ గంటసేపు ఆగవలసిందే. ఆ బండల క్రింద కోట ఎందుకు కట్టారో వారినే చెప్పమనండి. వెనుక ఎక్కలేని కొండ, ముందు పంట పండే నేల, దగ్గరలో ఏరు. పెద్దలు ఊరు కట్టాలంటే ముందు ఏటవాలు చూసేవారు.

మూడు ఏరులు కలిసేచోట

చంద్రగిరి దాటినాక ఒక చిత్రం జరుగుతుంది. అంతవరకు మనలను అడుక్కొక వాయిదా అడిగిన నేల, ఇక్కడినుంచి మనకే తిరిగి చెల్లిస్తుంది. పెడలు తేలిక. గాలి ముఖానికి చల్లగా తగులుతుంది. రోడ్డు దిగుతున్నది. ఎటు? స్వర్ణముఖి పోయే వైపుకే. ఆ ఏరు తూర్పుముఖంగా తిరుపతి పక్కనుంచి శ్రీకాళహస్తి మీదుగా బంగాళాఖాతానికి పోతుంది. మనమూ ఏటితోపాటే ఇంటికి పోతున్నాము.

తొండవాడ దగ్గర స్వర్ణముఖితో కళ్యాణి, భీమా కలుస్తాయి. ఒడ్డున ముక్కోటి అగస్త్యేశ్వరుని గుడి. కళ్యాణి మీద 1977లో కట్టిన డ్యాము తిరుపతికి, తిరుమలకు నీరిచ్చే జలాశయాలలో ఒకటి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడ ఏరంటే ఇసుకే. కొత్తవారు చూసి, “ఇదా నది?” అంటారు.

ఏటికి కొంచెం ఇవతల ఒక చిన్న టీ అంగడి దగ్గర నన్నారి షర్బత్తు తాగుతుంటే, అంగడామె నా సైకిలు వైపు, నా నెరిసిన తల వైపు మార్చి మార్చి చూసింది.

“ఏం సామీ, కార్లలో పొయ్యే వయసులో ఈ సైకిలేంది మీకు?” అన్నది.

“కారులో పోతే దారి తెలుస్తుంది గాని ఎత్తుపల్లాలు తెలియవు కదమ్మా!” అన్నాను, పాఠం చెప్పే ధోరణిలో.

ఆమె గ్లాసులు కడుగుతూనే నవ్వింది. “ఎత్తేదో పల్లమేదో మాకు సైకిలెక్కితేనే తెలియాల్నా సామీ? ఆ పొద్దు నీళ్ళొచ్చినాయి చూడు, అప్పుడే తెలిసిపాయె.”

ఆమె అన్నది 2021 నవంబరు మాట. ఎడతెగని వానలకు కళ్యాణి డ్యాము గేట్లెత్తారు. ఇసుకగా పడివున్న స్వర్ణముఖి ఒడ్లు దాటి పారింది. తిరుపతిలో వీధులకు వీధులు మునిగినవి. నీరు పగపట్టి వచ్చిందని, ఎన్నడూ లేని చోటికి వచ్చిందని అప్పుడు అనుకున్నాము. ఈ చుట్టు ఒక్కసారి తిరిగినవారు ఆ మాట అనలేరు. అలిపిరి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చిన కల్వర్టులు, శ్రీవారి మెట్టు లోయ, చంద్రగిరి తరువాతి దిగుడు, ఇవన్నీ ఒకే ఏటవాలు. సైకిలు తొక్కకుండా ఎటు ఉరికిందో నీరూ అటే ఉరికింది. నీరు తన దారి మరచిపోలేదు; ఆ దారిలో చెరువులు పూడ్చి, వాగులు ఇరుకుచేసి, ఇళ్ళస్థలాలు గీసుకున్న మనమే మరచిపోయాము.

స్థలం కొనబోయేవారు పత్రాలు చూస్తారు, వాస్తు చూస్తారు, పక్కింటివారి కులగోత్రాలు కూడా విచారిస్తారు. పత్రాలు చూడవలసిందే. కాని ఆ వీధిలో ఒకసారి సైకిలు తొక్కి, చక్రం తనంత తాను ఎటు దొర్లుతుందో చూసినవారు ఎందరు? ఆ పరీక్షకు ఖర్చు లేదు.

కొన్ని జాగ్రత్తలు

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ ప్రయాణానికి అనుకూలమైన రోజులు. వానలు వెనుకబడతాయి, కొండ పచ్చగా వుంటుంది, ఎండ బాధించదు. ఉదయం వెలుగు వచ్చాక బయలుదేరితే ఆగుతూ ఆగుతూ వచ్చినా మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరవచ్చు. చీకటితో బయలుదేరడం, సందెచీకటి పడ్డాక అలిపిరి–చెర్లోపల్లి దారిలో తిరగడం వద్దు. ఈ అడవులలో చిరుతలున్నవి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పసిబిడ్డ చిరుతవాత పడిన ఘోరం మనం మరువరానిది. పిల్లలను ముందుకు గాని వెనుకకు గాని ఒంటరిగా వదలకూడదు. శేషాచలం రక్షిత అడవి. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతమైంది. కొండసైకిలు వున్నది కదా అని అటవీశాఖ అనుమతి లేకుండా ఎర్రచందనం చెట్లలోకి బండి తిప్పరాదు. మన చుట్టుకు తారురోడ్డు చాలు.

చంద్రగిరి నుంచి తిరుపతి వరకు లారీల, బస్సుల రద్దీ జాస్తి. ఒకరి వెనుక ఒకరు ఎడమ అంచున పోవాలి. కబుర్లకు టీ అంగడి వున్నది. తలకు హెల్మెట్టు, వెంట ఒక స్పేరు ట్యూబు, పంపు, రెండు సీసాల నీళ్ళు, కొంచెం శెనక్కాయ చిక్కీ వుండాలి. బయలుదేరే ముందు రెండు బ్రేకులూ పట్టి చూడాలి. ఎక్కడానికి గేరు ఎంత ముఖ్యమో, దిగడానికి బ్రేకు అంతకన్నా ముఖ్యం. మొదటిసారి శ్రీవారి మెట్టు పక్కదారిని మానుకొని చుట్టు మాత్రం పూర్తిచేయవచ్చు; కొండ ఎక్కడికీ పోదు.

పేరూరు బండమీద 2022 జూనులో తిరిగి తెరచిన వకుళమాత గుడి వున్నది. కొడుకు ఏడుకొండలెక్కితే తల్లి ఈ గుట్టమీదనుంచి చూస్తున్నదంటారు. అక్కడ దిగి వెనక్కు తిరిగితే మనం వచ్చిన మేరలో చాలావరకు ఒక్కచూపులో కనిపిస్తుంది: పొరలకొండ, బండలకొండ, రెంటినడుమ సన్నని ఇసుకగీతలా ఏరు. రేపు మన పిల్లలు ఈ ఊళ్ళో ఇళ్ళు కట్టుకుంటారు, కొందరు ఇంజనీర్లయి రోడ్లు వేస్తారు. నీటికి ఎక్కడ దారి విడవాలో వారికి పుస్తకం చెబుతుంది. దానికి ముందే వారి కాళ్ళకు తెలిసివుంటే ఊరికి మంచిది. రాబోయే సెలవురోజున సైకిలుకు గాలి కొట్టించి, వారిని కూడా వెంటబెట్టుకు బయలుదేరండి.